దాండి దారిలో

1 జనవరి 2021, శుక్రవారం. పాండేసర, సూరత్

కన్యాకుమారి చేరారు! నవంబరు 19న శ్రీనగర్‌లో బయలుదేరిన ముప్పై మంది దివ్యాంగ సైక్లిస్టులు. దాదాపు 3,800 కిలోమీటర్లు. హైదరాబాద్ ఆదిత్య మెహతా ఫౌండేషన్, బీఎస్‌ఎఫ్ కలిసి నడిపిన యాత్ర ఇది. ఒక కాలు పోయిన ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు తెచ్చాడు. ఈ జట్టులో తాన్యా డాగా ఒంటికాలితో తొక్కింది. మధ్యలో తండ్రి పోతే ఇంటికి వెళ్లి, మళ్లీ వచ్చి జట్టులో కలిసింది. అంత దుఃఖంలో ఆ పిల్ల తిరిగొచ్చి సైకిలెక్కడం నన్ను నిద్రపోనివ్వలేదు.

మా మరమగ్గాల ఖాతాలో సాంచాలకు కండెలు చుట్టే అన్నకు ఆ యాత్ర వీడియో చూపించాను. ఆయనకు మోకాలి కింద జైపూర్ కృత్రిమ కాలు. "దాండి దాకా నేనూ తొక్కుత తమ్మీ" అన్నాడు.

3 జనవరి, ఆదివారం

దాండికి సాధనగా అన్నతో కలిసి సచిన్ ఊరిదాకా తొక్కి వచ్చాం. కరోనా వల్ల రాత్రి కర్ఫ్యూ ఉంది కనక ఆరు దాటితేగానీ కదల్లేం. అప్పటికే రోడ్డు నిండా లారీలు. ఉత్తరాయణం దగ్గరపడింది, పతంగుల మాంజా భయానికి అందరం మెడకు మఫ్లర్లు చుట్టుకున్నాం.

అన్న వేగమే అందరి వేగం అని ముందే అనుకున్నాం. మేం ముందుకు పోయి చెట్టు కింద ఆగితే ఆయన వచ్చేసరికి మా అలుపు తీరిపోతుంది, లేచి బయలుదేరతాం. ఆయనకు ఆగే వీలే ఉండదు. ఎదురుగాలిలో ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వాడి వెనక చక్రానికి దగ్గరగా వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకని ముందు ఉండే పని వంతులవారీగా మాది.

10 జనవరి, ఆదివారం

దాండి చేరాం. మరోలి దాటాక సముద్రపు గాలి మొహాన కొట్టింది. ఎవరూ వంతు తప్పించుకోలేదు. కొంతదూరానికోసారి ఆగి అన్న కాలు ఊడదీసి, చెమట తుడుచుకుని, పొడి మేజోడు మార్చుకునేవాడు. తడి మేజోడుతో తొక్కితే చర్మం ఒరుసుకుపోతుంది. ఆ కాసేపూ ఆయన సైకిల్ పట్టుకోవడానికి మా వెంట వచ్చిన పిల్లలు పోటీపడ్డారు.

1930 ఏప్రిల్ 5 రాత్రి గాంధీ బస చేసిన సైఫీ విల్లా చూశాం. ఉప్పు సత్యాగ్రహానికి సబర్మతి నుంచి ఆయన వెంట నడిచినవాళ్లలో మన తెలుగువాడు ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారని చెప్తే అన్న మొహం వెలిగింది. "మనోడా!" అని రెండుసార్లు అడిగాడు. తిరుగుదారిలో బాగా నీరసించాడు, అయినా ఆటో ఎక్కనన్నాడు. ఇంటిదాకా తొక్కాడు.

11 జనవరి, సోమవారం

పొద్దున్నే చూడబోతే అన్న కాలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. కృత్రిమ కాలి పట్టీ కూడా అరిగిపోయింది. జైపూర్‌లో 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి కాళ్లు ఉచితంగా ఇస్తుంది. కానీ రైలు ఖర్చు, కూలి పోయే రోజులు? సాయంత్రం సాంచాల దగ్గర చెప్తే అందరూ తలా ఒక రోజు కూలి ఇస్తామన్నారు. పుండు మానగానే ఆయన్ను జైపూర్ తీసుకెళ్తున్నాను.