లాబీలో నలుగురం

అమీర్‌పేటలో కొత్త మనిషి కనబడితే అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు. "ఏ కోర్సు?" అని. రెండోది "ఏ ఫ్యాకల్టీ?" మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, "కాల్స్ ఏమైనా వస్తున్నాయా?" మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఎంతమంది ఉన్నా వాళ్ల మధ్య తిరిగే మాటలు దాదాపు ఇవే. 2019లో సూర్యాపేట నుంచి వచ్చి టెస్టింగ్ టూల్స్ కోర్సులో చేరినప్పుడు, నలుగురుండే గదిలో నాకొక మంచం దొరికింది. నలుగురమూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లమే. ఒకరికి ఇంటర్వ్యూ పిలుపొస్తే మిగతా ముగ్గురం సంతోషంగా కంగ్రాట్స్ చెప్పేవాళ్లం, ఆపైన గోడవైపు తిరిగి పడుకునేవాళ్లం. అక్కడ స్నేహాలు లేవని కాదు. ప్రతి స్నేహం లోపలా ఒక మార్కుల షీటు ఉంటుంది.

అందుకేనేమో, హైదరాబాదులో నాకు దొరికిన మొదటి స్నేహితులు పబ్‌జీలో దొరికారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 2018లో మొబైల్ ఫోన్లలోకి వచ్చిన ఆట. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదకి దూకుతారు. ఆఖరిదాకా మిగిలినవాళ్లు గెలిచినట్టు. ఒంటరిగా ఆడొచ్చు, నలుగురు ఒక జట్టుగానూ ఆడొచ్చు. ఆ జట్టుని స్క్వాడ్ అంటారు. తుపాకులూ దూకుళ్లూ బయటివాళ్లకి కనబడే ఆట. లోపల జరిగేది మాత్రం కబుర్లే. ఏదో పాడుబడ్డ ఇంట్లో నక్కి, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తూ నిమిషాలకి నిమిషాలు కూర్చోవాలి. చెవిలో ఇయర్‌ఫోన్లున్నాయి, మైకుంది, అవతల ముగ్గురు మనుషులున్నారు. ఇంకేం చేస్తాం? మా ఊళ్లో వేపచెట్టు కింద పులీమేకా ఆడే పెద్దమనుషులు కూడా గెలుపు కోసమే పొద్దంతా కూర్చుంటారా ఏమిటి!

ఆడపిల్లకి ఆ మైకు అంత తేలిగ్గా దక్కదు. గొంతు వినబడగానే "అరే, అమ్మాయిరా" అని మొదలవుతుంది. తర్వాత వచ్చే మాటలు ఇక్కడ రాయలేను. మొదటి రెండు నెలలూ నేను మైకు ఆపేసే ఆడాను. ఒక రాత్రి దెబ్బ తగిలి నా బొమ్మ నేల మీద పాకుతోంది. జట్టులోంచి ఒక గొంతు, "కంగారు పడకండి, వస్తున్నానండీ. మీరా గోడ వెనక్కి పాకండి" అంది. తుపాకీ పట్టుకున్నా గోదావరి మర్యాద పోలేదు. శత్రువు కనబడితే "ఆయన మేడ మీదున్నారండీ, కొట్టేయండి" అనే రకం. రాజమండ్రి కుర్రాడు, మా హాస్టలుకి రెండు వీధుల అవతల ఉండేవాడని తర్వాత తెలిసింది. నన్ను లేపి నిలబెట్టాక మైకు ఆన్ చేసి "థాంక్సండీ" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "పర్లేదండీ. అక్కడ స్కోపుంది, తీసుకోండి" అన్నాడు. ఇంకేం అడగలేదు. ఆ రోజునుంచీ నా మైకు ఆన్‌లోనే ఉంది.

మూడోవాడు దుబాయిలో డ్రైవరుగా చేసే జగిత్యాల అన్న. "ఆగు చెల్లె, నువ్వు అటు పోకు, నేనొస్తున్న" అనేది ఆయన ఊతపదం. నాలుగో మనిషి బాబాయ్. యాభై దాటినాయన, ఉండేది పంజాగుట్ట. కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే "తిన్నావా, తిన్నాను, అక్కడ చలి ఎట్లా ఉంది" అయ్యాక ఇద్దరికీ మాటలుండేవి కావట. కొడుకే ఈ ఆట నేర్పించాడు. ఆటలో దిగితే గంటసేపు మాట్లాడుకునేవాళ్లట. "వాడి ఆఫీసు సంగతులన్నీ నాకు ట్రక్కు వెనకాల దాక్కున్నప్పుడే తెలిశాయమ్మా" అనేవాడు. కొడుకు రాని రోజుల్లో మాతో చేరేవాడు. గురి మాత్రం ఘోరం.

మా మధ్య ఎవరూ పెట్టని రూలొకటి ఉండేది. ఫోన్ నంబర్లు లేవు, అసలు పేర్లు లేవు. ఆటలో పెట్టుకున్న పేర్లే. ఉద్యోగం వచ్చిందా అని ఏడాది పొడుగునా నన్ను అడగనివాళ్లు ఆ ముగ్గురే.

2020 మార్చి 25 ఉగాది. లాక్‌డౌన్‌కి అదే మొదటి రోజు. అమీర్‌పేట హాస్టళ్లు చాలావరకు గదులు ఖాళీ చేయమన్నాయి. పంజాగుట్ట, ఎస్సార్ నగర్ పోలీస్ స్టేషన్ల ముందు ఊరెళ్లే అనుమతి కాగితం కోసం వందలమంది బ్యాగులతో బారులు తీరారు. సాయంత్రానికి హాస్టళ్లు మూయకూడదని ప్రభుత్వం చెప్పింది. కానీ అప్పటికే చాలామంది బండ్లెక్కి బయల్దేరిపోయారు. మా రాజమండ్రి కుర్రాడూ అందులో ఒకడు. ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ముందుకి పోనివ్వరు, వెనక్కి పోదామంటే హాస్టల్లేదు.

ఆ రాత్రి మేం ఆట ఆడలేదు. ఆట మొదలయ్యే ముందు నాలుగు బొమ్మలూ పక్కపక్కన నిలబడే చోటుంటుంది, లాబీ అంటారు. నలుగురం అక్కడే ఉండిపోయాం. వాడి పవర్ బ్యాంకులో ఒక గీత మిగిలింది. పొద్దున్నుంచీ తిన్నది రెండు అరటిపళ్లు. బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "జగ్గయ్యపేటలో మా వియ్యంకుడి తమ్ముడున్నాడు. నీ బండేది, బ్యాగేది చెప్పు" అన్నాడు. "నల్ల పల్సరండీ, ఎర్ర బ్యాగండీ." "సరే, అక్కడే నిలబడు." దుబాయి అన్న అరగంటకోసారి "వచ్చిండా?" అని అడుగుతూనే ఉన్నాడు. రాత్రి పదకొండు దాటాక కుర్రాడి గొంతు వినబడింది, నోటినిండా ముద్దతో. "వచ్చారండీ. పులిహోరండీ. పండగ పులిహోరండీ." వచ్చినాయన వాడి పేరడగలేదు, వాడు ఆయన పేరడగలేదు. మూడోరోజుకి వాడు రాజమండ్రి చేరాడు. నేను మాత్రం ఇద్దరమ్మాయిలతో కలిసి అమీర్‌పేటలోనే చిక్కుకుపోయాను. అంత నిశ్శబ్దంగా ఆ రోడ్డుని ఎవరైనా చూశారో లేదో. రాత్రి తొమ్మిదయ్యేసరికి లాబీలో ఉండేదాన్ని.

ఆ నెలల్లోనే మా అమ్మ సూర్యాపేటలో, పిన్ని విజయవాడలో లూడో కింగ్ ఆడుకుంటూ నవ్వుకునేవాళ్లు. అది మన ముంబైవాళ్లు 2016లో తీసుకొచ్చిన ఆట. రూమ్ కోడ్ చెప్పుకోవడం అమ్మకి ఇప్పటికీ వచ్చు. అదే అమ్మకి నా ఆట వ్యసనం. ఆ మాట పూర్తిగా తప్పనలేను. చదువులు చెడగొట్టుకున్న పిల్లల్ని మా సందులోనే చూశాను. డబ్బులు కట్టి ఆడే రమ్మీలాంటివైతే మరీ వేరు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025లో చట్టం చేసింది. కానీ తలుపేసుకుని ఆడేవాళ్లందరూ ఒంటరివాళ్లని అనుకోవడం దగ్గరే పెద్దవాళ్లతో నాకు పేచీ. నార్వేలో మాట్స్ స్టీన్ అనే అబ్బాయి ఉండేవాడు. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీలోనే ఉండి, 2014లో పాతికేళ్ల వయసులో చనిపోయాడు. కొడుక్కి స్నేహితులే లేకుండా పోయారని తల్లిదండ్రులు బాధపడ్డారు. అతని బ్లాగులో చావు కబురు పెట్టగానే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో అతనితో ఏళ్లుగా తిరిగినవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలు రాశారు. కొందరు దేశాలు దాటి అంత్యక్రియలకి వచ్చారు.

మాకు ఆ పాటి దారి కూడా లేకపోయింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ ఒకటి. ఫోన్లో ముందే ఉన్నవాళ్లకి ఇంకొన్నాళ్లు నడిచింది. అక్టోబర్ 30న సర్వర్లు ఆపేశారు. ఆ సాయంత్రం తెరిస్తే ఇంక లోపలికి పోనివ్వలేదు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది సరిహద్దు సంగతులు తెలిసినవాళ్లు తేల్చాలి. నాకు తెలిసిందల్లా, ముగ్గురు మనుషులు ఒక్కసారిగా లేకుండా పోయారని. జగిత్యాల అన్నకి దుబాయిలో ఆట నడుస్తూనే ఉంటుంది. ఆయన లిస్టులో మా పేర్లుంటాయి, పక్కన వచ్చి ఎన్ని రోజులైందో లెక్కతో సహా.

"నంబర్లు తీసుకుని ఏడవొచ్చు కదే" అంటుంది మా అక్క. నేనలా అనుకోను. నంబరిస్తే వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. ఫొటో వెనకాల ఇంటిపేరొస్తుంది. ఇంటిపేరు వెనకాలే "మీరేవాళ్లు?" వస్తుంది. ఆ ప్రశ్న రాని చోటు ఈ ఊళ్లో నాకింకోటి దొరకలేదు.

2021లో ఉద్యోగమొచ్చి పంజాగుట్టకి మారాను. ఆ ఏప్రిల్, మే నెలల్లో పొద్దస్తమానం అంబులెన్సుల మోతే. మందుల షాపు ముందు క్యూలో యాభై దాటినాయన ఎవరు కనబడ్డా గొంతు వినాలని కాస్త దగ్గరగా నిలబడేదాన్ని. అందరికీ మాస్కులే. "అమ్మా" అని పిలిచేవాళ్లు పంజాగుట్టలో ఎంతమంది లేరు!

జులై 2న ఆ ఆటే బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, ఇండియాలో ఉన్నవాళ్లకి మాత్రమే. అంటే జగిత్యాల అన్న ఇందులోకి రాలేడు. పాత పేర్లు కొట్టి వెతికాను. నాలుగో రోజు ఒక రిక్వెస్టు వచ్చింది. ఒప్పుకోగానే చెవిలో "బాగున్నారాండీ?" ఇద్దరం కాసేపు ఊరికే నవ్వుకున్నాం. వాడికీ ఉద్యోగమొచ్చిందట. నేనడగలేదు, వాడే చెప్పాడు. బాబాయ్ పేరుతో ఒక ఖాతా కనిపిస్తే రిక్వెస్టు పెట్టానని చెప్పాను. జవాబింకా రాలేదన్నాను.

"వస్తారండీ. ఆయనకి బటన్లు వెతుక్కోవడమే లేటు."

ఖాళీలుంటే ముక్కూ మొహం తెలియనివాళ్లని తెచ్చి కూర్చోబెట్టే ఆప్షన్ ఒకటుంటుంది. వాడు దాన్ని ఆపేశాడు. నలుగురి ఆటలో ఇద్దరమే దూకాం. రెండు నిమిషాల్లో చచ్చిపోయాం.

"ఇంకోటి ఆడదామాండీ?" అన్నాడు.