వాన పడ్డ రోజు, బ్యాటు పట్టని రోజు

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్‌లో ఫెయిలైన మర్నాడే సన్‌రైజర్స్ 35 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుంది. రెండూ ఒక్క వరసలో వచ్చాయి కాబట్టి నాకు ఇప్పటికీ కలిసే గుర్తొస్తాయి.

2025 ఏప్రిల్ 22న రిజల్ట్స్ వచ్చాయి. సాయంత్రం నాయన ఫోన్ చేసి, "వాడు అన్నం తింటలేడు బిడ్డా, ఒక్కసారి వచ్చిపో" అన్నాడు. మా నాయన అడగడమే తక్కువ. మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి ఎంజీబీఎస్‌లో అచ్చంపేట బస్సెక్కాను. అచ్చంపేటలో దిగి లింగాల ఆటో దొరికేసరికి పొద్దు వాలింది. ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడుకోవడం లేదు. అమ్మ ఒక్కతే గిన్నెల మీద కోపం చూపిస్తోంది.

వాణ్ని ఏమడగాలో నాకూ తెలీలేదు. "మ్యాచ్ ఉంది కదరా, పైకి పోదాం పా" అన్నాను. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా వచ్చేది మిద్దె మీదే.

ఆ సీజన్ మొదలైన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286. ఇషాన్ కిషన్ 106 నాటౌట్. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఆ రోజంతా కాటేరమ్మ కొడుకుల మీమ్స్ తప్ప ఇంకేం లేవు. ఈసారి 300 ఖాయమని నేనూ స్టేటస్ పెట్టాను. తర్వాత వరసగా నాలుగు మ్యాచ్‌లు చూడండి: 190, 163, 120, 152. నాలుగూ ఓటమే. మధ్యలో ఒక రోజు పంజాబ్ మీద అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి 246 టార్గెట్‌ను ఊదేశాడు. ఇంక లైన్లో పడ్డారనుకున్నాం. వారం తిరక్కుండానే వాంఖడేలో 162.

నా లెక్కలో వాళ్ల తప్పు ఒక్కటే. 2024లో మొదటి బంతి నుంచే బాదితే పని జరిగింది. పవర్ ప్లేలోనే 125 కొట్టిన జట్టు అది. మరుసటి ఏడాదికి అందరూ వాళ్లను చదివేశారు. స్లో బాల్స్ వేశారు, బ్యాట్‌కు అందకుండా వేశారు, బంతి ఆగి వచ్చే పిచ్‌లు ఎదురయ్యాయి. అయినా వీళ్లు అదే ఊపు ఊపారు. నాలుగు సింగిల్స్ తీసుకుంటే పరువేం పోదు కదా! మా లింగాలలో టెన్నిస్ బాల్ ఆడే పోరగాళ్లకు కూడా బంతి ఆగి వస్తుంటే కాసేపు ఆగాలని తెలుసు. (నాకు తెలిసేది కాదు. అందుకే నన్ను ఎనిమిదో నంబర్లో పంపేవాళ్లు.)

సరే, మిద్దె మీదికి వద్దాం. పహల్‌గామ్ దాడి జరిగింది అంతకు ముందు రోజే. ఆటగాళ్లు నల్ల బ్యాండ్లు కట్టుకున్నారు. పటాకులు లేవు, డ్యాన్సులు లేవు. స్టేడియం కూడా మా ఇంటిలాగే ఉంది. హెడ్ డకౌట్. కాసేపటికి ఇషాన్ కిషన్. లెగ్ సైడ్ పోయిన బంతి. బౌలర్ గట్టిగా అప్పీల్ కూడా చేయలేదు, ఈయన మాత్రం తనంతట తానే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత రీప్లేలో చూస్తే బంతి బ్యాట్‌కు తగలనే లేదు.

నేను ఫోన్ పగలగొట్టినంత పని చేశాను. తమ్ముడు మాత్రం ఉలకలేదు. కొంచెం సేపటికి అన్నాడు:

"నేను గూడ గంతే చేసిన్నన్నా."

"ఏం చేసినవ్‌రా?"

"మ్యాథ్స్ పేపర్ల ఫస్టు రెండు లెక్కలు రాలే. ఇగ అయిపోయిందనుకున్న. ఇంక గంట టైముండంగనే పేపరిచ్చి బయటికొచ్చిన. ఇంటికొచ్చి చూస్తే అండ్ల నాలుగు లెక్కలు నాకొచ్చినయే."

ఆ మాట అమ్మకు చెప్పలేదట, నాయనకు చెప్పలేదట. రానిది తప్పడం వేరు, వచ్చింది వదిలేసి రావడం వేరు కదా. వాడు అన్నం మానింది అందుకన్నమాట. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అన్నగా తిట్టాలా, దగ్గరికి తీసుకోవాలా? రెండూ చేయలేదు. మ్యాచ్ చూస్తూ కూర్చున్నాం. 35కి 5 దగ్గర నుంచి క్లాసెన్ 44 బంతుల్లో 71 కొట్టాడు, అభినవ్ మనోహర్ 43. మొత్తం 143. ముంబై 16 ఓవర్లు కూడా తీసుకోకుండా కొట్టేసింది. కానీ ఆ రాత్రి వాడు నాతో పాటు పచ్చిపులుసు పోసుకుని అన్నం తిన్నాడు.

వచ్చేటప్పుడు ఒక మాటిచ్చాను: మే 5న ఢిల్లీతో ఉప్పల్‌లో మ్యాచ్ ఉంది, టికెట్ తీస్తా, వచ్చి చూడు, తర్వాత చదువుకో. అప్పటికి ప్లే ఆఫ్స్ ఆశ ఇంకా పూర్తిగా పోలేదు. చెన్నైని వాళ్ల చెపాక్‌లోనే ఓడించారు. మే 2న గుజరాత్ 224 కొడితే మనవాళ్లు 186 దగ్గరే ఆగిపోయారు. ఇక మిగిలిన నాలుగూ గెలవాలి, మిగతా జట్లు మనకోసం ఓడిపోవాలి. తమ్ముడు పేపర్ మీద లెక్కలేసి ఫొటో పంపాడు. ఆ లెక్కలు మాత్రం బాగా వచ్చు వాడికి.

ఆ రోజు స్టేడియం మెట్రో స్టేషన్లో దిగామో లేదో ఆరెంజ్ జెండా కొనుక్కున్నాడు. కమిన్స్ వేసిన మొదటి బంతికే వికెట్! ఢిల్లీ 29కి 5. తమ్ముడి గొంతు అప్పుడే పోయింది. స్టబ్స్, అశుతోష్ చెరో 41 కొట్టి 133 దాకా లాక్కొచ్చారు. 134 అంటే మనకు ఓ లెక్కా? "హెడ్ పది ఓవర్లల్ల ముగిస్తడు చూడన్నా" అన్నాడు.

ఇన్నింగ్స్ బ్రేక్‌లో వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత. కవర్లు కప్పారు. వాన తగ్గాక కూడా గ్రౌండ్‌లో నీళ్లు నిలిచాయి. పదకొండు దాటాక మ్యాచ్ రద్దన్నారు. చెరో పాయింట్. అంతే, ప్లే ఆఫ్స్ రేసు నుంచి సన్‌రైజర్స్ ఔట్. బ్యాటింగ్ చూడ్డానికి లింగాల నుంచి వచ్చినవాడు వాళ్లు బ్యాటు పట్టడం చూడకుండానే వెనక్కి పోవాలి. తడిసిన జెండా పిండుకుంటూ, "గీ ఒక్క దినం ఆడనిస్తే ఏమైతుండె" అన్నాడు. షేర్ ఆటోలో రూముకొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మే 25న ఢిల్లీలో చివరి మ్యాచ్. కోల్‌కతా మీద 278. క్లాసెన్ 39 బంతుల్లో 105 నాటౌట్. ఎప్పుడో రేసులోంచి పోయాక వరసగా మూడు గెలిచి 13 పాయింట్లతో ఆరో స్థానంలో ఆగారు. నాకు సంతోషం కన్నా మంటే ఎక్కువైంది. తమ్ముడు ఆ మ్యాచ్ చూడలేదు, పరీక్షలని ఫోన్ నాయనకిచ్చేశాడు.

సప్లిమెంటరీ అయిపోయాక వాడే ఫోన్ చేశాడు.

"లాస్ట్ మ్యాచ్‌ల ఎంత కొట్టిండ్రన్నా?"

"278."

"అంతా అయిపోయినంక కొడ్తరు వీళ్లు!" గట్టిగా నవ్వాడు. నేను పరీక్ష ఊసెత్తలేదు. వాడే అన్నాడు.

"మ్యాథ్స్ పేపర్ల ఈసారి గూడ ఫస్టు లెక్క రాలే. బెల్లు కొట్టేదాంక లేవలేన్నా."