బాలింత దాహము

పథ్యమనగా మార్గమునుండి తొలగనిదని వ్యాకరణమును బట్టి విద్యార్థులకు చెప్పుచుందును. ఆ పదము పేరిట నా యింట జరిగినదానిని మాత్రము నేటివఱకు ఎవరితోను చెప్పలేదు.

2012వ సంవత్సరమున నా భార్యకు శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. ఇంటికి వచ్చిన రెండవనాడే ఆమెకు విరేచనములు పట్టుకొనినవి. మాయమ్మ పథ్యమును మఱింత బిగించినది. పాత బియ్యపుటన్నము, వెల్లుల్లి కారము, నెయ్యి, ఇంతే. అరటిపండు చలువ, కొబ్బరినీరు జలుబు, మంచినీరు త్రాగినచో పొట్ట పెరుగునట! ఇంటివెనుక గోదావరి కాలువ నిండుగా పాఱుచుండగా, లోపలి గదిలో ఆమె "ఏమండీ, ఒక్క గుక్క ఇప్పించండి" అని నన్నడిగినది. నేను మాయమ్మ మొగము చూచితిని. ఆంగ్లమున వైద్యగ్రంథములు చదువగలవాడను. అయినను తల్లికి ఎదురు చెప్పుట మర్యాద కాదని నాకు నేనే నచ్చజెప్పుకొంటిని.

మూడు దినములలో పొట్ట డోలువలె ఉబ్బినది. అపానవాయువు వెడలదు. చాటుగా నీరు త్రాగినదని నిందించి, నడుమునకు చుట్టిన గుడ్డను ఇంకను గట్టిగా బిగించిరి. పచ్చని వాంతులైన పిదపగాని ఆసుపత్రికి తీసికొనిపోలేదు.

డాక్టరుగారు పొట్టపై స్టెతస్కోపు ఆనించి చాలసేపు వినిరి. ఏ చప్పుడును లేదు. రక్తములో పొటాషియము లీటరునకు 2.4 మిల్లీమోలులని తేలినది, 3.5 మొదలు 5 వఱకు ఉండవలసినదట. ప్రేగుల గోడలును కండరములే; అవి ముడుచుకొనుచు విచ్చుకొనుచు ఆహారమును ముందునకు త్రోయుటకు ఈ లవణము కావలెను. విరేచనములలో పోయినదానిని మేము తిరిగి పూరింపలేదు. పైగా అది యుండు పండ్లను, కొబ్బరినీటిని నిషేధించితిమి. ప్రేగులు తెగలేదు, మెలిపడలేదు, ఊరక నిలిచిపోయినవి. "గుండె కూడా కండరమే కదా, మాస్టారూ" అని ఆయన మెల్లగా అనగా నాకు కాళ్ళాడలేదు.

ముక్కులోనుండి గొట్టము వేసి కడుపులో నిలిచినదానిని తీసిరి. పొటాషియమును సెలైనులో కలిపి చుక్కచుక్కగా ఎక్కించిరి. త్వరపడినచో అదియే గుండె నాపునట. అంతవఱకు నోటికి నీరీయరాదనిరి. మొన్న అకారణముగా ఈయని మేము, ఇప్పుడు కారణముండి ఈయలేకపోతిమి. ఆమె మఱల అడుగలేదు. అదియే నన్నెక్కువ బాధించినది.

నాలుగవనాటి తెల్లవాఱుజామున గాలి వెడలినదని నర్సు నవ్వుచు వచ్చి చెప్పినది. ఏ కావ్యములోను ఇంతకంటె శుభవార్త నేను చదివి యెఱుగను. బయటికి వచ్చి చూడగా, మాయమ్మ వసారాలో కొబ్బరిబొండము చేతబట్టుకొని, డాక్టరుగారు వచ్చు త్రోవను కనిపెట్టుచు నిలుచుండెను.