నాణెముమీది మచ్చ

తెలుగున నాణెమనుమాటయు నాణ్యమనుమాటయు తోబుట్టువులవంటివి. అయినను నాణెమునకు నాణ్యము గలదా లేదా యని చెప్పవలసినవాడెవడు? పూర్వము మన యూళ్లలో షరాబు ఆ పని చేసెడివాడు. రూపాయిని రాతిమీద మ్రోగించి, చెవితో విని, కంటితో చూచి, మంచిచెడ్డలు తేల్చెడివాడు. నేడు పాతనాణెములను సేకరించు వేడుకగలవారికి ఆ షరాబు స్థానమున అమెరికాదేశపు పరీక్షకసంస్థలు నిలిచియున్నవి. వానిని ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న మాకు చాలకాలముగా మనసున నున్నది.

1949వ సంవత్సరమున విలియం షెల్డన్ అనునతడు అమెరికా పాత రాగి సెంటులకు 1 మొదలు 70 వరకు తరగతు లేర్పరచెను. ఏ నాణెమో గుర్తింపదగినంత మాత్రము మిగిలినది 1, లోపములేనిది 70. వాడుకవలన అరుగని నాణెములకే 60 మొదలు పై సంఖ్యలు చెల్లును. ఈ కొలత క్రమముగా ఇతర లోహముల నాణెములకును వ్యాపించెను. కాని తరగతి చెప్పువాడే అమ్మువాడగుటచే చిక్కు వచ్చెను. అమ్మునపుడు 65 అనినవాడు, తానే కొనవలసివచ్చినపుడు 63 అనుట కద్దు. ఆ రెండు సంఖ్యల నడుమ వెలలో గొప్ప వ్యత్యాస ముండవచ్చును. ఈ జగడము తీర్చుటకు అమ్ముటయు కొనుటయు లేని మూడవవాడు కావలసెను. పి.సి.జి.ఎస్. అను సంస్థ 1986లోను, ఎన్.జి.సి. అను సంస్థ 1987లోను ఈ పని కారంభించెను. ఒకరికంటె ఎక్కువమంది పరీక్షకులు, సొంతదారుని పేరెరుగకయే, నాణెమును చూచి తరగతి నిర్ణయింతురు. పిమ్మట దానిని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, తరగతియు వరుససంఖ్యయు గల చీటి నందుంచెదరు.

మా చిన్న సేకరణలో అట్టి పెట్టె యొకటి కలదు. అందున్నది 1986 మొదలు అమెరికాలో ముద్రింపబడుచున్న ఒక ఔన్సు వెండినాణెములలోనిది. చీటిమీద 70 అని యున్నది. మా చేతికి వచ్చిననాడు అది అద్దమువలె నుండెను. కొన్నియేండ్లకు దానిమీద పాలచుక్కలవంటి తెల్లని మచ్చలు రెండు తేలినవి. పెట్టె బిగింపు చెక్కుచెదరలేదు, చీటి మారలేదు, నాణెము మాత్రము మారినది. చూచిన మిత్రు డొకడు, “పరీక్షించినవారు గ్రుడ్డివారా, మోసగాండ్రా?” అని యడిగెను. మేము రెండును కాదంటిమి.

మచ్చలకు కారణములు పెక్కులు. రాగినాణెముమీద మాటలాడునపుడు పడిన తుంపర యొక్కటి చాలును. అది కంటికి కానరాక యుండి, కాలక్రమమున నల్లని చుక్కయగును. బంగారమున కలిపిన రాగి సరిగా కరగి కలియనిచో ఎఱ్ఱని మచ్చ పుట్టును. వెండిమీది తెల్లమచ్చలు టంకసాలలో బిళ్లలను కడిగినపుడు మిగిలిన మందువలన కలుగునని పలువురు చెప్పుదురు. కెనడా టంకసాలవారు ఈ బాధను తగ్గించుటకు 2018లో తమ వెండినాణెములకు ఒక క్రొత్త విధానమును ప్రవేశపెట్టిరి. కావున మచ్చకు బీజము పరీక్షకు ముందే పడియుండవచ్చును. మొలక మాత్రము తరువాత పైకి వచ్చును. పెట్టెలు బిగించినవైనను గాలి యేమాత్రము చొరనివి కావు. అందువలననే సంస్థలు తమ తరగతి తప్పైనచో నష్టము తీర్తుమని హామీ ఇచ్చినను, తరువాత పుట్టిన మచ్చలను ఆ హామీలో చేర్చుకొనవు.

ఇది న్యాయమేనా? కొనువానికి కష్టముగ నుండుట నిజము. అతడు చీటిని చూచి పెద్దవెల ఇచ్చెను. మచ్చ పుట్టినపిమ్మట అంతవెల ఇచ్చువారుండరు. అయినను పరీక్షకుడు తాను చూచినదినమునకే సాక్షి గాని, రాబోవు దినములకు పూటకాపు కాడు. పరీక్షలో విద్యార్థికి వచ్చిన మార్కులును ఇట్టివే. ఆనాటి కవి సత్యములే. పదియేండ్లకు అతని పాండిత్యమెట్లుండునో అవి చెప్పజాలవు. సాక్షిని నమ్మవలెను, సాక్షి యున్నాడుగదా యని మన కన్నులు మూసికొనరాదు. చీటిని చదివినపిమ్మట నాణెమునుగూడ చూచినవాడే నిజముగా కొన్నవాడు.

విద్యార్థులారా, మీ యింటి పాతపెట్టెలలో వెదకినచో బ్రిటిషువారికాలపు రాగియు నికెలును కలిసిన అణా దొరకవచ్చును. దాని అంచు వంపులు తిరిగియుండును. నాలుగు లిపులలో దాని వెల వ్రాయబడియుండును. అందొకటి తెలుగు: “ఒక అణా”. మచ్చలున్నవని దానిని చింతపండుతో తోమకుడు. తోమిన నాణెము తళతళలాడును గాని, దాని సహజమైన పైపొర పోవును; పరీక్షకు పంపినను, ఎక్కువగా తోమినదానికి సంస్థలవారు సంఖ్య నీయక, తోమినదని చీటిమీద వ్రాయుదురు. అంచుల పట్టుకొనుడు, దానిపై వంగి మాటలాడకుడు, పొడిచోట నుంచుడు. కాలము వేసిన మచ్చను ఓర్చుకొనవచ్చును గాని, మన తొందర చేసిన గాయమును మాన్పువాడు లేడు.