కెమీల్ ముఖంలో నీలం

1879 సెప్టెంబరు 5. ఫ్రాన్స్‌లో సెయిన్ నది ఒడ్డున వెతేయ్ అనే పల్లె. మంచం మీద కెమీల్ మృతదేహం. వయసు 32 ఏళ్లే. చిన్నకొడుక్కి రెండేళ్లు కూడా నిండలేదు. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. ఆమె దాచుకున్న ఒక్క లాకెట్టూ తాకట్టులో ఉంది. దాన్ని విడిపించి పంపితే ఆమె మెడలో వేసి సాగనంపుతానంటూ స్నేహితుడికి ఉత్తరం రాశాడు భర్త క్లాడ్ మోనే. అంతటి దుఃఖంలోనూ భార్య ముఖాన్ని చూస్తూ కుంచె పట్టాడు.

అదేం మనిషని ఎవరికైనా అనిపిస్తుంది. అతనికీ అనిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత మిత్రుడు క్లెమెన్సోతో ఆ సంగతి చెప్పుకున్నాడు. ఏడవాల్సిన వేళ తన కళ్లు ఆమె కణతల దగ్గరే ఆగిపోయాయట. అక్కడ నీలం ఎలా పాకుతోంది, పసుపు ఎక్కడ తేలుతోంది, బూడిదరంగు ఎక్కడ మొదలవుతోంది... వద్దనుకున్నా లెక్క కట్టేస్తున్నాయట. తిరగలి తిప్పే పశువుతో తనను పోల్చుకున్నాడు. మన మాటలో చెప్పాలంటే గానుగెద్దు.

ఆ బొమ్మను దగ్గరికెళ్లి చూస్తే ముఖం ఓ పట్టాన దొరకదు. ఏటవాలుగా లాగిన పొడుగాటి గీతలు... నీలం, ఊదా, తెలుపు, అక్కడక్కడా గులాబీ. వాటిని కలిపి నున్నగా మెత్తలేదు. దేనికది పక్కపక్కనే వదిలేశాడు. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే గీతల్లోంచి మూసిన రెప్పలు, కాస్త తెరుచుకున్న పెదవులు, లోపలికి పోయిన బుగ్గ పైకి తేలతాయి. మంచు కురుస్తుంటే అవతల ఎవరో పడుకున్నట్టుంటుంది. కుంచెను అలా వదులుగా ఆడించడం తేలికని కొత్తగా నేర్చుకునేవాళ్లు అనుకుంటారు. కానీ ఆ గజిబిజిలోనూ ముక్కు వాలు, గడ్డం వంపు తప్పలేదు. తప్పితే మిగిలేది రంగుల అలుకుడే.

1866లో ఇదే కెమీల్‌ని పచ్చ పట్టుగౌనులో నిలబెట్టి నిలువెత్తు బొమ్మ వేశాడు. పారిస్ మెచ్చుకుంది. అందులో పట్టు మడతలు చేత్తో తాకొచ్చు అన్నట్టుంటాయి. పదమూడేళ్ల తర్వాత వేసిన ఈ బొమ్మలో తలగడ ఎక్కడ ఆగిందో, దుప్పటి ఎక్కడ మొదలైందో కూడా తెలియదు.

తర్వాత్తర్వాత మోనే బొమ్మలకు మంచి ధర పలికింది. పెద్ద ఇల్లు, తోట, తామరకొలను అన్నీ అమిరాయి. ఈ బొమ్మను మాత్రం అతను అమ్మలేదు. 1926లో కన్నుమూసేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.