భేజ్జి పెళ్లి ఫొటో

గ్రూపు ఫొటోకు చుట్టాలందరినీ ఒకచోట చేర్చడం ఏ పెళ్లిలోనైనా తలనొప్పే. దక్షిణ బస్తర్‌లోని భేజ్జి ప్రాంతంలో చిక్కు మరీ పెద్దది. దగ్గర్లోని కొంటా వద్దే ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర, ఒడిశా సరిహద్దులు కలుస్తాయి. కోయ, దోర్ల కుటుంబాల బంధుత్వాలు వాటిని ఎప్పుడో దాటాయి. 2005లో మొదలైన సల్వాజుడుం వేలమందిని అప్పటి ఖమ్మం జిల్లాకు తరిమింది. 2017 మార్చి 11న భేజ్జి సమీపంలో రోడ్డు పనులకు కాపలా వెళ్లిన 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల దాడిలో మరణించారు. ఇలాంటిచోట చెదిరిన చుట్టాలు కలిసేది పెళ్లిళ్లలోనే. కాబట్టి ఫొటో భోజనాల ముందే తీయాలి. ముసలివాళ్లను ముందు కూర్చోబెట్టాలి. అందరినీ ఎరిగిన పెద్దమనిషి పేరుపేరునా పిలవాలి. దూరం నుంచి వచ్చినవాళ్లను మొదట పిలవాలి. చీకటి పడేలోగా తిరిగి వెళ్లాల్సింది వాళ్లే.