అడిగిన రోజు చెప్పే మాట

"సాక్ష్యం" అంటే మందిరంలో మైకు పట్టుకుని చెప్పేదే అని మనలో చాలామంది అనుకుంటాం. మా అమ్మ ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సొసైటీ పెట్టిన ఊరు కదా, మా చుట్టుపక్కల ఎటు చూసినా మగ్గాలే. మధ్యాహ్నం వంట పని అయ్యాక అమ్మ పక్కింటి అరుగు మీద కూర్చుని వాళ్ళతో పాటు కండెలు చుట్టేది. ఎవరింట్లో కాన్పు అయినా, ఎవరికి జ్వరం వచ్చినా కబురు ముందు అమ్మకే వచ్చేది. వాక్యం చెప్పమని వాళ్ళు అడిగితే చెప్పేది, లేకపోతే కండెలు చుట్టేది.

పెళ్ళయ్యాక ఆదోని వచ్చాను. 1953 దాకా ఇది బళ్ళారి జిల్లాలోది, అందుకే మా వీధిలో ఇప్పటికీ సగం మాటలు కన్నడమే. మూలింట్లో ముస్లిం పెద్దమ్మ, పక్కింట్లో ఉరుకుంద ఈరన్న స్వామి భక్తురాలైన అక్క, మధ్యలో మేము.

శ్రావణమాసంలో అక్క ఓళిగలు పట్టుకొచ్చింది. మొదటి ఏడే మెల్లగా చెప్పాను. "అక్కా, దేవుని ముందర పెట్టినవి నేను తినను, ఏమనుకోవద్దు. పెట్టనివి ఉంటే ఇయ్యి, ఇష్టంగా తింటా." అక్క ఒక్క నిమిషం నా మొహం చూసి, వెనక్కి వెళ్ళి, వేరే గిన్నెలో వేడివేడిగా రెండు తెచ్చింది. అప్పటినుంచి నైవేద్యానికి ముందే మా గిన్నె పక్కన పెడుతుంది. అక్క గుడ్డు ముట్టదు. అందుకే క్రిస్మస్‌కి వాళ్ళింటికి కేకు పంపను, కజ్జికాయలు, రవ్వలడ్లు పంపుతాను. మూలింటి పెద్దమ్మ రంజాన్‌కి సేమ్యా పంపుతుంది. ఎవరి నమ్మకాన్నీ ఎవరూ దాచుకోలేదు. దానివల్ల గిన్నెలు అటూ ఇటూ తిరగడమూ ఆగలేదు.

అక్క కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచినప్పుడు ఒక రాత్రి అక్క వచ్చి తలుపు తట్టింది. "చెల్లీ, మీ ఏసయ్యకు మొక్కుకుంటే ఈ బిడ్డన్నా నిలుస్తాదా? నిలిస్తే మేమంతా మీ చర్చికి వస్తాం."

"తప్పకుండా నిలుస్తుంది" అంటే ఆ రాత్రికి ఆమె హాయిగా నిద్రపోయేది. కానీ నా చేతిలో లేనిదాన్ని దేవుని పేరు పెట్టి ఎలా ఇస్తాను? "ప్రార్థన చేస్తానక్కా, రోజూ చేస్తా. మాట మాత్రం ఇయ్యలేను. నువ్వు చర్చికి వచ్చినా రాకున్నా చేస్తా" అన్నాను. స్కానింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ కోడలి వెంట నేనూ వెళ్ళాను.

ఆ బిడ్డ కూడా నిలవలేదు.

పది రోజులు వాళ్ళింటికి జొన్నరొట్టెలు, పప్పు నేనే పంపాను. మూలింటి పెద్దమ్మ రాత్రిళ్ళు కోడలి దగ్గర పడుకుంది. పదకొండో రోజు అక్క మా వంటింటి గడప మీద కూర్చుని అడిగింది. "నువ్వు అడిగినావు, ఆయన ఇయ్యలేదు. ఐనా మళ్ళీ మోకాళ్ళు ఏస్తాండావు. ఎందుకు చెల్లీ?"

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, మీ నిరీక్షణకు కారణం అడిగేవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని, అదీ సాత్వికంగా, గౌరవంగా చెప్పమని ఉంది. అక్క అడిగింది కాబట్టి చెప్పాను. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని, నేను మొక్కేది అలా పక్కన కూర్చుని ఏడ్చే దేవునికని, ఇచ్చినా ఇవ్వకున్నా ఆయన్ని వదిలి నేను ఉండలేనని చెప్పాను. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

అక్క ఈ రోజుకీ ఉరుకుంద పోతుంది. చర్చికి రాలేదు. "ఇన్నేళ్ళలో ఎంతమందిని తెచ్చావు?" అని మా సంఘంలో ఎవరైనా అడిగితే నాకు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు గుర్తొస్తారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. తమిళుడైనా తెలుగు నేర్చుకుని మన పల్లెలు తిరిగారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది చదువు లేని దళిత కూలీలు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళూ సాక్షులేనని ఆయన వాళ్ళకు నేర్పారు. తర్వాత వేరే కులాలవాళ్ళూ సంఘంలోకి రావడం మొదలైంది. దానికి కారణం ఆ పేదల బతుకుల్లో కనబడిన మార్పే అని ఆయన చెప్పేవారు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషుల్ని చూసి ఊరు ఆలోచనలో పడిందంటే, వాళ్ళు ఎంత ఓపిగ్గా బతికి ఉంటారో!

మన ఇరుగుపొరుగు మన ప్రసంగాలు వినకపోవచ్చు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెల వరుసలో మన నోరు ఎలా ఉందో, పిల్లల తగాదాలో ఎవరి పక్షం మాట్లాడామో, అప్పు తెచ్చుకున్న చక్కెర తిరిగి ఇచ్చామో లేదో మాత్రం గమనిస్తూనే ఉంటారు. వాళ్ళకు పెట్టే ముద్ద వెనక షరతు ఉందా అనేది కూడా ఇట్టే పసిగడతారు.

అక్క కోడలికి ఇప్పుడు మళ్ళీ మూడో నెల. వచ్చే సోమవారం స్కానింగ్. నేనూ వెళ్తున్నాను. మీ ప్రార్థనలో ఆ అమ్మాయిని కూడా తలుచుకోండి.